పక్క సీటే పాఠశాల

ట్రైనింగ్ హాల్లో పాఠాలు చెబుతారు. పని మాత్రం పక్కనున్న సీనియర్ దగ్గర, షిఫ్టు మారేటప్పుడు చెప్పుకునే నాలుగు మాటల్లో, కొత్తవాళ్ల చేతికిచ్చే చిన్నాచితకా పనుల్లో వస్తుంది. సిలబస్ లేని, సర్టిఫికెట్ రాని ఆ చదువుకు ఇప్పుడు గండం వచ్చిపడింది.

రాత్రి పదకొండు దాటింది. ఆర్టీసీ డిపో గ్యారేజీలో పల్లెవెలుగు బస్సొకటి ఇంజిన్ ఆన్‌లో ఉండి వణుకుతోంది. డ్రైవర్ లాగ్‌షీట్‌లో రాసింది ఒక్క ముక్క: ‘ఇంజిన్‌లో సౌండు’. లీడింగ్ హ్యాండ్ హోదాలో ఉన్న మెకానిక్‌కు యాభై దాటి ఉంటాయి. మూరెడు పొడుగున్న స్క్రూడ్రైవర్ కొసను ట్యాపెట్ కవర్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కాసేపు విన్నాడు. తర్వాత దాన్ని పక్కనే నిలబడ్డ అప్రెంటిస్ కుర్రాడి చేతికిచ్చాడు.

“పెట్టు తమ్మీ. ఏం ఇనవడుతుంది?”

“అంతా చప్పుడే అన్నా. వేరేగా ఏం తెలుస్తలేదు.”

“సరే, ఇటు రా.”

పక్కనే అదే మోడల్ బస్సు ఇంకొకటి ఆగి ఉంది. దాన్ని స్టార్ట్ చేయించి, అదే చోట స్క్రూడ్రైవర్ పెట్టి వినమన్నాడు. మళ్లీ మొదటి బస్సు దగ్గరికి తీసుకొచ్చాడు. మళ్లీ రెండో దాని దగ్గరికి. మూడోసారికి కుర్రాడి మొహం వెలిగింది. “దీంట్ల టక్కు టక్కుమంటుందన్నా! దాంట్ల లేదు.”

“అదే. ట్యాపెట్ గ్యాప్ పెరిగింది. పో, ఫీలర్ గేజ్ పట్టుకరా.”

ట్యాపెట్ క్లియరెన్స్ గురించి ఆ కుర్రాడు ఐటీఐలో చదువుకున్నాడు, పరీక్ష రాశాడు, పాసయ్యాడు. గ్యాప్ ఎంత ఉండాలో పుస్తకంలో ఉంది. పెరిగితే ఇంజిన్ ఎలా వినిపిస్తుందో మాత్రం ఆ రాత్రి, ఆ రెండు బస్సుల మధ్య అటూ ఇటూ తిరిగాకే తెలిసింది. పెద్దాయన పాఠమేమీ చెప్పలేదు. బాగున్నదాన్నీ బాగోలేనిదాన్నీ పక్కపక్కన పెట్టి వినిపించాడంతే. ఇంతకన్నా మంచి బోధన ఏ క్లాసురూములో దొరుకుతుంది?

ఎందుకిప్పుడీ చర్చ?

ఇంజినీరింగ్ చివరి ఏడాది చదివే పిల్లలున్న ఏ ఇంట్లో చూసినా ఇప్పుడు ఒకటే మాట: ‘ఏఐ వచ్చాక ఫ్రెషర్లను తీసుకుంటారా?’ అమ్మానాన్నల దిగులు ఉద్యోగాల లెక్క గురించి. ఆ దిగులు ఉత్తదేమీ కాదు. అమెరికాలో జీతాల రికార్డులు పరిశీలించిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో ఒక సంగతి బయటపెట్టారు. ఏఐ ఎక్కువగా చొరబడిన రంగాల్లో 22 నుంచి 25 ఏళ్ల వాళ్ల ఉద్యోగాలు తగ్గుతున్నాయి, అనుభవమున్నవాళ్లవి నిలకడగా ఉన్నాయి.

దీని వెనక ఇంకో ప్రశ్న ఉంది. చిన్న బగ్ సరిచేయడం, టెస్ట్ కేసులు రాయడం, వేరేవాళ్లు రాసిన కోడ్ చదివి అర్థం చేసుకోవడం, రిపోర్టు తయారుచేయడం. కంపెనీకి ఇవి చిల్లర పనులే. చేరిన పిల్లలకు మాత్రం ఇవే తొలి మెట్లు. ఆ మెట్లు తీసేస్తే, పదేళ్ల తర్వాత కావలసిన సీనియర్లు ఎక్కణ్నుంచి వస్తారు?

ఏఐ ఒక్కటే కాదు. 2020 మార్చిలో ఇళ్లకు వెళ్లిన ఐటీ ఉద్యోగులను మళ్లీ ఆఫీసులకు రప్పించడం మీద ఇప్పటికీ పేచీ నడుస్తోంది. ప్రభుత్వ శాఖల్లో, బ్యాంకుల్లో ఏళ్ల అనుభవమున్నవాళ్లు శాలువా కప్పించుకుని వెళ్లిపోతున్నారు. వాళ్ల బుర్రలో ఉన్నదేదీ ఎక్కడా రాసి ఉండటం లేదు. పర్మినెంట్ కొలువుల చోట కాంట్రాక్టు మనుషులు వచ్చి, పని చేతికొచ్చేలోగా మారిపోతున్నారు. వేర్వేరుగా కనిపించే ఈ మార్పులన్నీ తగులుతున్నది ఒక్కదానికే: ఒకరి పక్కన ఉండి ఒకరు పని నేర్చుకునే ఏర్పాటుకు.

రిపేరు పుస్తకంలో లేనిది

ఈ చదువును దగ్గరగా చూసినవాళ్లలో అమెరికా మానవశాస్త్రజ్ఞుడు జూలియన్ ఓర్ ముఖ్యుడు. మానవశాస్త్రజ్ఞులు గిరిజన గూడేలకు వెళ్లినట్టే ఆయన 1980లలో జిరాక్స్ కంపెనీ రిపేరు టెక్నీషియన్ల వెంట తిరిగాడు. వాళ్లతో టిఫిన్ చేశాడు, కస్టమర్ల ఆఫీసులకు వెళ్లాడు, వాళ్లు మాట్లాడుకునేదంతా రాసుకున్నాడు.

కంపెనీ లెక్క ప్రకారం అది చాలా సులువైన పని. మెషీన్ మీద ఎర్రర్ కోడ్ వస్తుంది, పుస్తకం తెరిచి ఆ కోడ్ కింద రాసిన మెట్లు వరసగా చేసుకుంటూ పోవాలి. ఓర్ చూసింది వేరు. కొన్ని మెషీన్లు తప్పు కోడ్ చూపించేవి. పుస్తకంలో ఉన్నవన్నీ చేసినా లొంగేవి కావు. అప్పుడు ఇద్దరు టెక్నీషియన్లు మెషీన్ ముందు కూర్చుని కబుర్లు మొదలుపెట్టేవాళ్లు. ‘ఫలానా ఆఫీసులో ఇలాగే చేస్తే, చివరికి తప్పు ఎక్కడ దొరికిందో తెలుసా’ అని ఒకరు. ‘నాకూ ఒకసారి అలాగే అయింది, కానీ అప్పుడు కాగితం కూడా ఇరుక్కుంది’ అని ఇంకొకరు. కథకు కథ తగిలించుకుంటూ పోగా పోగా జబ్బు ఎక్కడుందో పట్టుబడేది. ఆ కొత్త కథ మర్నాడు టిఫిన్ బల్ల దగ్గర మిగతావాళ్లకు చేరేది.

పైనుంచి చూసేవాళ్లకు అది బాతాఖానీ. టిఫిన్ టైము తగ్గిస్తే పని పెరుగుతుందని లెక్కలు వేయడానికి అనువైన చోటు. నిజానికి ఆ బల్ల దగ్గరే వాళ్ల పని సగం జరుగుతోంది. ఓర్ ఈ సంగతులన్నీ 1996లో పుస్తకంగా తెచ్చాడు. జిరాక్స్ కూడా దాని విలువ గుర్తించింది. 1990లలో ఫ్రాన్స్‌లో మొదలుపెట్టి, టెక్నీషియన్లు తమ కిటుకులు తామే రాసి పంచుకునే ‘యురేకా’ అనే వ్యవస్థను ఏర్పాటు చేసింది. ప్రతి కిటుకూ తోటి టెక్నీషియన్లు పరీక్షించాకే అందరికీ చేరేది. దాని పక్కన కనిపెట్టినవాళ్ల పేరుండేది. చెయ్యి తిరిగిన పనివాళ్లకు ఆ పేరు చిన్న విషయం కాదు.

> పిండి చెప్పిన రహస్యం
>
> జపాన్‌లో మత్సుషితా కంపెనీ 1980ల మధ్యలో ఇంట్లోనే బ్రెడ్ చేసే మెషీన్ తయారుచేయబోయింది. పైన మాడిపోయేది, లోపల పచ్చిగా ఉండేది. మెషీన్ పిసికిన పిండినీ, బేకర్ పిసికిన పిండినీ ఎక్స్‌రేలు తీసి పోల్చినా కారణం తేలలేదు. చివరికి సాఫ్ట్‌వేర్ విభాగంలో పనిచేసే ఇకుకో తనాకా ఒసాకాలో మంచి రొట్టెకు పేరున్న హోటల్‌కు వెళ్లి హెడ్ బేకర్ దగ్గర శిష్యరికం చేసింది. ఆయన పిండిని సాగదీస్తూ మెలితిప్పుతున్నాడని చేత్తో చేస్తే తెలిసింది. ఆయన దాన్ని ఎప్పుడూ ఎవరికీ మాటల్లో చెప్పలేదు. మెషీన్ లోపల ప్రత్యేకంగా గట్లు అమర్చాక అదే మెలిక వచ్చింది. 1987లో మెషీన్ మార్కెట్లోకి వచ్చింది. ఈ కథను ప్రపంచానికి చెప్పింది జపాన్ ఆచార్యుడు ఇకుజిరో నొనాకా.

కాజాలు ముందు, కత్తెర చివర

ఆవకాయ కొలతలు అడిగితే అమ్మమ్మ ‘ఉప్పు తగినంత’ అంటుంది. ఆ తగినంత ఎంతో ఆమె పక్కన కూర్చుని కలిపితేనే తెలుస్తుంది. ప్రతి వృత్తిలోనూ ఇలాంటి ‘తగినంత’లు ఉంటాయి. కాకపోతే, పక్కన కూర్చోబెట్టుకోవడానికీ ఒక పద్ధతుంది.

అమెరికా పరిశోధకురాలు జీన్ లేవ్ 1970లలో పశ్చిమాఫ్రికా దేశం లైబీరియాలో దర్జీల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లను గమనించింది. వాళ్లు బట్ట కత్తిరించడంతో మొదలుపెట్టరు. ముందు ఇస్త్రీ, బొత్తాలు, అంచులు. తర్వాత కుట్టు. అన్నిటికన్నా చివర కత్తెర. మన ఊళ్లలో టైలర్ షాపులో చేరిన కుర్రాడికీ ముందు దక్కేవి కాజాలూ బొత్తాలే.

ఇందులో గొప్ప తెలివి ఉంది. బొత్తాం తప్పుగా కుడితే ఊడదీసి మళ్లీ కుట్టొచ్చు. బట్ట తప్పుగా కత్తిరిస్తే నష్టం పూడ్చలేం. తప్పు చేసినా కొంప మునగని పనులు ముందు ఇస్తారన్నమాట. అంతేకాదు, చివరి పనుల్లో ఉన్న కుర్రాడు పూర్తయిన చొక్కాను రోజూ చేతిలోకి తీసుకుంటాడు. మెడపట్టీ ఎలా కూర్చుందో, భుజం ఎక్కడ కలిసిందో చూస్తాడు. కుట్టడం మొదలుపెట్టేసరికి మంచి చొక్కా ఎలా ఉంటుందో అతని కళ్లకు ముందే తెలుసు.

లేవ్, ఎటియన్ వెంగర్ కలిసి 1991లో రాసిన పుస్తకంతో ఈ ఆలోచన ప్రపంచమంతా పాకింది. కొత్తవాళ్లు అంచున ఉండి, నిజమైన పనిలో చిన్న భాగం చేస్తూ, మెల్లగా నడిమధ్యకు చేరుకుంటారన్నది దాని సారం. ఏఐ చేసే చిల్లర పనుల గురించి మాట్లాడేటప్పుడు ఈ దర్జీ కుర్రాళ్లను గుర్తుచేసుకోవాలి. బొత్తాలు కుట్టే మెషీన్ కొనడంలో తప్పు లేదు. ఆ పని చేస్తూ చొక్కా చూసే అవకాశం పోయిందని గ్రహించి, దాని బదులు ఇంకోటి చూపించకపోవడం తప్పు.

దగ్గరుంటే లాభం, ఖర్చు కూడా

‘ఇంటి నుంచి పనిచేస్తే నేర్చుకోలేమా? ఆన్‌లైన్లో అన్నీ ఉన్నాయిగా?’ అని యువ ఉద్యోగులు అడుగుతారు. ఉన్నాయి. అమీర్‌పేట కోచింగ్ మొదలుకొని యూట్యూబ్ దాకా ఏకలవ్యుల కాలమే ఇది. కానీ సొంతంగా సాధన చేసే మనిషికి తన తప్పు తనకు కనిపించదు. దాన్ని చూసి చెప్పే కళ్లు కావాలి.

అమెరికాలో ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల మీద ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం దీన్ని లెక్కగట్టింది. టీమంతా ఒకే భవనంలో ఉన్నవాళ్లకు, తమ కోడ్ మీద సహచరుల నుంచి వచ్చిన సూచనలు దాదాపు అయిదో వంతు ఎక్కువ. ఎక్కువ లాభపడింది కొత్తవాళ్లు, ముఖ్యంగా అమ్మాయిలు. కోవిడ్‌లో ఆఫీసులు మూతపడగానే ఆ తేడా చాలామటుకు కరిగిపోయింది.

ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి ఉంది. పక్కన కొత్తవాళ్లు ఉన్న సీనియర్లు రాసే కోడ్ తగ్గింది. అంటే నేర్పడం ఉచితం కాదు. ఎవరో ఒకరు తమ పని పక్కనపెట్టి నేర్పుతున్నారు. మన కంపెనీల అప్రైజల్ ఫారాల్లో ఆ గంటలకు గడి ఎక్కడుంది? ‘ఈ ఏడాది ఎంతమందికి పని నేర్పావు?’ అని ఎందరు మేనేజర్లు అడుగుతున్నారు? సొంత టార్గెట్ మాత్రమే చూసే చోట, తెలివైన సీనియర్లు హెడ్‌ఫోన్ పెట్టుకుని తమ పని తాము చూసుకుంటారు. తప్పు వాళ్లది కాదు.

> 70–20–10 సంగతి
>
> ‘నేర్చుకునేదాంట్లో 70 శాతం పనిలో, 20 శాతం తోటివాళ్ల నుంచి, 10 శాతం క్లాసుల్లో’ అనే సూత్రం హెచ్‌ఆర్ విభాగాల్లో తరచూ వినిపిస్తుంది. దీని మూలం అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ 1980లలో సుమారు 200 మంది ఉన్నతోద్యోగుల మీద చేసిన అధ్యయనం. తాము ఎలా ఎదిగామో వాళ్లు గుర్తుచేసుకుని చెప్పిన మాటలవి. కాబట్టి ఆ అంకెలు అన్ని ఉద్యోగాలకూ వర్తించే కొలత కాదు. క్లాసుల బడ్జెట్ కోయడానికి సాకు అంతకన్నా కాదు.

అడిగితే ఏమనుకుంటారో!

ఆసుపత్రిలో షిఫ్టు మారే వేళ. కేస్‌షీట్‌లో బీపీ, పల్స్, ఇచ్చిన మందులు అన్నీ ఉంటాయి. “ఏడో బెడ్ ఆమె పొద్దున్నంతా కబుర్లు చెప్పింది, సాయంత్రం నుంచి పలకట్లేదు. ఓ కన్నేసి ఉంచమ్మా” అని పెద్ద సిస్టర్ చెప్పే మాట కేస్‌షీట్‌లో ఉండదు. ఆ ఒక్క మాటతో కొత్త సిస్టర్‌కు అంకెల కన్నా ముందు మనిషిని చూడాలన్న పాఠం అందుతుంది. అయితే ఆ కొత్తమ్మాయి “పలకకపోతే ఏమవుతుంది మేడమ్? నేనేం చూడాలి?” అని ఎదురడగగలిగితేనే పాఠం పూర్తవుతుంది.

హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేసింది. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువుంటాయని అనుకుంది. లెక్కలు తిరగబడ్డాయి. మంచి టీముల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. తరచి చూస్తే, వాళ్లు ఎక్కువ పొరపాట్లు చేయడం లేదు. దాచకుండా చెప్పుకుంటున్నారు. మిగతాచోట్ల భయంతో నోరు మెదపడం లేదు. తిట్టు పడుతుందన్న భయముంటే ఎవరూ అడగరు, అడగకపోతే నేర్చుకోరు.

మన దగ్గర ఆ భయానికి ఇంకొన్ని పొరలున్నాయి. ఇంటర్ దాకా ఊళ్లో తెలుగు మీడియంలో చదివి, తొలి తరంలో ఆఫీసు మెట్లెక్కిన అమ్మాయి నోటిదాకా వచ్చిన ప్రశ్నను ఇంగ్లిషులో కూర్చుకునేలోగా మీటింగ్ అయిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి టీకొట్టు దగ్గర మగపిల్లలకు దొరికే సీనియర్, క్యాబ్ టైమింగ్ ఉన్న ఆడపిల్లకు దొరకడు. కాంట్రాక్టు ఉద్యోగిని క్యాంటీన్‌లో వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టే చోట్లున్నాయి. చనువు మీద నడిచే చదువు చనువున్నవాళ్లకే దక్కుతుంది. నేర్చుకోవడాన్ని టీకొట్టుకు వదిలేసి చేతులు దులుపుకోకూడదన్నది అందుకే.

మంచితోపాటు చెడూ

పక్కవాళ్ల నుంచి వచ్చేదంతా మంచే అనుకుంటే పొరపాటు. కరెంటు స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోవాలి. లైను ఆఫ్ అయిందని పరీక్షించి చూసుకోవాలి. ఎర్త్ రాడ్ తగిలించాలి. అప్పుడే తీగ మీద చెయ్యి వేయాలి. ఇవన్నీ ట్రైనింగ్‌లో చెబుతారు. కొత్త లైన్‌మన్ చేరిన మొదటి వారంలో సీనియర్ ఈ పనులన్నీ వరసగా చేయడం చూస్తే జన్మంతా అలాగే చేస్తాడు. ‘ఫోన్ చేశాంలే, ఆఫ్ చేసే ఉంటారు, ఎక్కెయ్’ అనడం చూస్తే అదీ నేర్చుకుంటాడు. ప్రాణం మీదికి వచ్చేదాకా అది తప్పని తెలియదు.

కౌంటర్ దగ్గర ముసలాయనను కసురుకోవడం, ఫైలు కదలాలంటే చెయ్యి తడపాలనడం, ‘ఇక్కడ ఇంతే’ అనే మాట. ఇవేవీ ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు. పక్క సీటు చూసే అబ్బుతాయి. కాబట్టి కొత్తవాళ్లను ఎవరి పక్కన కూర్చోబెడుతున్నామన్నది ఆఫీసర్ ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయం. ఖాళీగా ఉన్న కుర్చీని బట్టి తీసుకునేది కాదు.

అసలు పక్క సీట్లో సీనియరే లేకపోతే? ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 2న కరపలో గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థ మొదలైంది. లక్షకు పైగా యువతీయువకులు దాదాపు ఒకేసారి కొలువుల్లో చేరారు. సర్వే, వ్యవసాయం, ఇంజినీరింగ్, సంక్షేమం... ఒక్కొక్కరిది ఒక్కో శాఖ. ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్నా ఒకరి పని ఒకరికి తెలియదు. సీనియర్ ఉండేది మండలంలోనో డివిజన్‌లోనో. ఇలాంటి చోట తోటివాళ్లతో పెట్టుకున్న వాట్సాప్ గ్రూపే గురువు. అక్కడ జవాబు త్వరగా దొరుకుతుంది. అది సరైనదో కాదో తేల్చే పెద్దదిక్కు మాత్రం ఉండదు.

ఏఐ నేర్పుతుందా, నేర్చుకోనివ్వదా?

రెండూ జరుగుతున్నాయి. అయిదు వేలకు పైగా కస్టమర్ సపోర్ట్ ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనంలో, ఏఐ సహాయకుడు వచ్చాక సగటు పని 14–15 శాతం పెరిగింది. బాగా కొత్తవాళ్లకైతే దాదాపు మూడో వంతు పెరిగింది. మంచి ఉద్యోగులు కస్టమర్లతో మాట్లాడే తీరును ఏఐ గ్రహించి కొత్తవాళ్లకు అందించింది. అంటే అది పంచిపెట్టింది ఏళ్ల తరబడి మనుషులు సంపాదించిన ఒడుపునే. రేపు ఆ ఒడుపును కొత్తగా సంపాదించేవాళ్లే లేకపోతే ఏఐ దేన్ని పంచిపెడుతుంది?

మరోవైపు ఆపరేషన్ థియేటర్ ఉంది. మామూలు శస్త్రచికిత్సలో జూనియర్ డాక్టర్ చేతులు సర్జన్‌కు తప్పనిసరి. పట్టుకుంటూ, అందిస్తూ, కుడుతూ నేర్చుకుంటారు. రోబో వచ్చాక సర్జన్ కన్సోల్ దగ్గర కూర్చుని చాలామటుకు ఒక్కరే పని కానిచ్చేయగలరు. జూనియర్ చూస్తూ ఉండిపోతారు. మాట్ బీన్ అనే పరిశోధకుడు 2019లో ఈ సంగతి రాశాడు. యంత్రం చెడ్డదేమీ కాదు. సీనియర్‌కు జూనియర్ అవసరం తీరిపోయింది. దాంతోపాటే జూనియర్‌కు చదువూ పోయింది.

మన డిపోల్లోనూ ఇలాంటి మార్పే వస్తోంది. హైదరాబాద్ రోడ్ల మీదికి 2019లో ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. కాలుష్యం తగ్గించే మంచి మార్పు. వాటి నిర్వహణ మాత్రం కాంట్రాక్టు కంపెనీలదే. బస్సు మన డిపో నుంచే బయల్దేరుతుంది, దాని లోపలి సంగతి మన మెకానిక్ చేతికి రాదు. కాంట్రాక్టు రాసుకునేటప్పుడే ‘మా మెకానిక్‌లు మీ మెకానిక్‌ల పక్కన ఇన్నాళ్లు పనిచేయాలి’ అని ఒక్క షరతు చేర్చితే చాలు.

> కొత్తగా చేరారా?
>
> - ‘ఇది రావట్లేదు’ అని ఊరుకోకండి. ‘ఇక్కడిదాకా చేశాను, ఇక్కడ ఆగిపోయాను’ అని అడగండి. అలా అడిగినవాళ్లకు చెప్పాలనిపిస్తుంది.
> - ఏఐ ఇచ్చిన జవాబు వాడేముందు, అది ఎందుకు పనిచేస్తుందో సీనియర్‌కు వివరించి చూడండి. ఎక్కడ తడబడతారో అదే మీరు నేర్చుకోవాల్సిన చోటు.
> - నేర్చుకున్న కిటుకును రాసిపెట్టండి, నేర్పినవాళ్ల పేరుతో సహా.
> - భద్రతకు సంబంధించి సీనియర్ చెప్పినది రూల్‌కు విరుద్ధంగా ఉంటే రూల్‌నే పట్టుకోండి.

ఏం చేయొచ్చు?

చట్టాలు లేవని కాదు. అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది. క్లాసులో కాకుండా పనిలో నేర్చుకున్నవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు 2015లో కేంద్రం తెచ్చిన కౌశల్ వికాస్ యోజనలో ఉంది. సర్టిఫికెట్ వచ్చాక జీతం పెరిగితేనే దాని మీద నమ్మకం కలుగుతుంది. అంతకన్నా ముందు, ఏ ఆఫీసైనా సొంతంగా చేసుకోగలిగినవి కొన్నున్నాయి.

రిటైరయ్యే ఉద్యోగి స్థానంలో వచ్చేవాళ్లను ఆ పెద్దాయన వెళ్లిపోయాక వేస్తారు. అదేదో ఆర్నెల్ల ముందే వేసి, ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఆ ఆర్నెల్ల రెండో జీతం, తర్వాత జరిగే తప్పుల ఖరీదుతో పోలిస్తే తక్కువే అవుతుంది. ఏఐ చేయగలిగిన పనుల్లో కొన్నిటిని కావాలనే కొత్తవాళ్లకు వదలాలి. గడువు తరుముకురాని, తప్పుపోయినా సరిదిద్దుకోగలిగిన పనులు అందుకు బాగుంటాయి. షిఫ్టు మారే పావుగంటను డ్యూటీగా లెక్కించి జీతమివ్వాలి. పని నేర్పినవాళ్లకు ప్రమోషన్‌లో మార్కులుండాలి. కాంట్రాక్టు ఉద్యోగులనూ అదే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఇంటి నుంచి పనిచేసే టీములు ఆఫీసుకు వచ్చే రోజులను కొత్తవాళ్లూ సీనియర్లూ కలిసేలా పెట్టుకోవాలి. ఎవరి రోజు వాళ్లది అయితే, వచ్చినా ఎవరి స్క్రీన్ వాళ్లదే.

మనది చదువుకు ప్రాణమిచ్చే సమాజం. పొలం అమ్మి ఫీజులు కట్టిన తల్లిదండ్రులున్నారు. ఆ పిల్లలు ఉద్యోగంలో చేరిన రోజుతో చదువు పూర్తయిందనుకుంటే, ఆ కష్టంలో సగం వృథా. అక్కణ్నుంచి వాళ్లను తీర్చిదిద్దాల్సిన బాధ్యత జీతమిచ్చే సంస్థది. చేరిన రోజున కొత్త ఉద్యోగికి ఐడీ కార్డు ఇస్తారు, కంప్యూటర్ ఇస్తారు, కుర్చీ చూపిస్తారు. వాటితోపాటు, విసుక్కోకుండా జవాబు చెప్పే ఒక మనిషిని కూడా చూపించాలి. ఆ మనిషికి జవాబు చెప్పే తీరిక కూడా సంస్థే ఇవ్వాలి.